తలకంటే ఎత్తున ఉన్న కెమెరాను ట్యాబ్లెట్ నుంచి చూడడం, నడపడం ఎలా?

ప్రశ్న: తాటికమ్మ

అందరికీ నమస్కారం. మా ఇంట్లో తాతగారి కాలం నుంచి ఉన్న కొన్ని తాళపత్ర గ్రంథాల కట్టలను, అవి మరింత పెళుసెక్కక ముందే ఒక్కొక్క ఆకూ ఫొటో తీసి భద్రపరచాలని పని మొదలుపెట్టాను. నా దగ్గర క్యానన్ 200డి రెండవ తరం కెమెరా, దానితో వచ్చిన 18-55 లెన్సు, అడ్డంగా చేయి సాచే ట్రైపాడ్, యూఎస్‌బీ-సి పోర్టు ఉన్న 10 అంగుళాల శామ్‌సంగ్ ట్యాబ్లెట్ ఉన్నాయి. ల్యాప్‌టాప్ లేదు. ఉన్నా, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మా ఊళ్ళో దానిని నమ్ముకోలేను.

ఆకులు సుమారు 40 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నాయి. అంచులు వంపు తిరగకుండా లెన్సును 50 మిల్లీమీటర్ల దగ్గర పెడితే, ఆకు పూర్తిగా ఫ్రేములో పట్టడానికి కెమెరాను ఆకుకు దాదాపు ఒక మీటరు పైన బిగించవలసి వస్తోంది. బల్ల ఎత్తు కూడా కలిస్తే అది నా తలను దాటిపోతోంది. కెమెరా వెనుక తెరను పక్కకు తెరిచి నా వైపు వంచుకుంటే ఆకు తిన్నగా ఉందో లేదో తెలుస్తుంది గానీ, ఆ 3 అంగుళాల తెర మీద, అదీ కింద నిలబడి మెడ ఎత్తి చూస్తూ, గంటంతో గీసిన అక్షరం పదునుగా వచ్చిందో లేదో తేల్చుకోవడం నా వల్ల కావడం లేదు. పైగా ప్రతిసారీ చేయి చాపి షట్టర్ నొక్కితే ట్రైపాడ్ చేయి ఊగుతోంది.

అందువల్ల ట్యాబ్లెట్‌నే తెరగా పెట్టుకుని, దాని మీద నుంచే ఫోకస్, అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం పరిమాణం), షట్టర్ అన్నీ నడపాలని ఉంది. తెలిసిన దుకాణదారు హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డు (కెమెరా హెచ్‌డీఎంఐ బొమ్మను యూఎస్‌బీ ద్వారా ట్యాబ్లెట్‌కు అందించే చిన్న పరికరం) కొనమని సలహా ఇచ్చారు. ఇంకొకరు వైఫై చాలునన్నారు. మరొకరు మామూలు ఓటీజీ తీగ (ట్యాబ్లెట్‌కు ఇతర యూఎస్‌బీ పరికరాలను కలిపే తీగ) సరిపోతుందన్నారు. నా పనికి ఏది తగినది? ఇంకొక మాట: ఈ పద్యాలను రాగయుక్తంగా చదవగల పెద్దాయన ఒకరు మా బంధువుల్లో ఉన్నారు. తరువాత ఆయన చదువుతుండగా ఇదే కెమెరాతో వీడియో కూడా తీయాలనుకుంటున్నాను.

జవాబు: నీలికటకం

తాటికమ్మ గారూ, మీరు అడిగినదానిలో రెండు వేర్వేరు పనులు కలిసి ఉన్నాయి. వాటిని విడదీస్తే ఏది కొనాలో, ఏది అక్కరలేదో తేలిపోతుంది. కెమెరా చూస్తున్న దృశ్యాన్ని ట్యాబ్లెట్ మీదికి తెచ్చుకోవడం మొదటిది, ట్యాబ్లెట్ నుంచి కెమెరాకు ఆజ్ఞలు పంపడం రెండవది. హెచ్‌డీఎంఐ, క్యాప్చర్ కార్డు కలిసి మొదటి పనిని మాత్రమే చేస్తాయి. ఆ దారిలో బొమ్మ కెమెరా నుంచి బయటికి వస్తుందే తప్ప ట్యాబ్లెట్ నుంచి ఫోకస్ గాని, షట్టర్ గాని లోపలికి వెళ్ళవు. అంటే కార్డు కొన్న తరువాత కూడా మీరు ఫొటో తీయడానికి చేయి చాపవలసిందే, లేదా వేరే రిమోట్ తెచ్చుకోవలసిందే.

యూఎస్‌బీ దారి అలా కాదు. కెమెరాలు యూఎస్‌బీ తీగ మీద పీటీపీ అనే ఒప్పందం ప్రకారం మాట్లాడతాయి. ఇది అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్‌ఓ 15740 సంఖ్యతో ప్రమాణంగా ఉన్నదే. మొదట ఫొటోలను కంప్యూటర్‌లోకి దింపడం కోసం పుట్టిన ఆ ఒప్పందానికి కెమెరా కంపెనీలు తమ సొంత ఆజ్ఞలను చేర్చుకుంటూ పోవడం వల్ల, ఇప్పుడు అదే తీగ మీద లైవ్ వ్యూ (కెమెరా చూస్తున్న దృశ్యం అప్పటికప్పుడు) వస్తుంది, అపర్చర్, షట్టర్ వేగం, వెలుగును గ్రహించే శక్తిని తెలిపే ఐఎస్‌ఓ విలువ మారుతాయి, లెన్సులోని మోటారు కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ జరుగుతుంది, షట్టర్ కూడా పడుతుంది. ఆండ్రాయిడ్ పరికరాలు 2011లో వచ్చిన 3.1 వెర్షన్ నుంచే యూఎస్‌బీ మీద ఇతర పరికరాలను నడిపే శక్తి కలిగి ఉన్నాయి కాబట్టి, మీ ట్యాబ్లెట్‌కు కావలసింది కెమెరా వైపు మైక్రో యూఎస్‌బీ, ట్యాబ్లెట్ వైపు సి రకం ఉన్న డేటా తీగ ఒక్కటే. ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చే తీగల్లో డేటా తంతులు ఉండవు. కొనేటప్పుడు ఆ సంగతి అడిగి తీసుకోండి. యాప్‌లలో హెలికాన్ రిమోట్, క్యూ డీఎస్ఎల్ఆర్ డ్యాష్‌బోర్డ్ రెండింటినీ ప్రయత్నించి మీ కెమెరాతో ఏది నిలకడగా ఉంటే దానితో స్థిరపడండి.

యూఎస్‌బీ లైవ్ వ్యూ నాణ్యత తక్కువ, హెచ్‌డీఎంఐ నాణ్యత ఎక్కువ అని ఎవరైనా చెబితే అది నిజమే. కానీ మీ విషయంలో ఆ తేడా ఎంతవరకు అక్కరకు వస్తుందో లెక్క వేసి చూడండి. లైవ్ వ్యూలో కెమెరా పంపే చిన్న జేపెగ్ బొమ్మ వెడల్పు సుమారు వెయ్యి పిక్సెళ్ళు. అందులో 40 సెంటీమీటర్ల ఆకు పట్టాలంటే సెంటీమీటరుకు 25 పిక్సెళ్ళు వస్తాయి, 4 మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరానికి మిగిలేవి 10. హెచ్‌డీఎంఐ 1080 రేఖల బొమ్మలో 3:2 నిష్పత్తి ఫొటో ఆక్రమించే వెడల్పు 1620 పిక్సెళ్ళు కాబట్టి అదే అక్షరానికి 16 పిక్సెళ్ళు వస్తాయి. తీసిన ఫొటోలోనైతే 6000 పిక్సెళ్ళ వెడల్పు ఉంటుంది గనుక ఆ అక్షరానికి 60 పిక్సెళ్ళు దక్కుతాయి. పది అయినా పదహారు అయినా ఫోకస్ పదును నిర్ణయించడానికి చాలవు. ఏ దారిలో వెళ్ళినా మీరు లైవ్ వ్యూను 5 రెట్లో, 10 రెట్లో పెద్దది చేసి చూడవలసిందే, అలా పెద్దది చేసినప్పుడు కెమెరా సెన్సార్‌లోని ఆ చిన్న భాగాన్నే తీసి పంపుతుంది కాబట్టి యూఎస్‌బీ బొమ్మలోనూ అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ పెద్దది చేసే మీట కూడా ట్యాబ్లెట్ మీదే ఉండడం యూఎస్‌బీ దారిలోని సుఖం.

వైఫై గురించి. క్యానన్ వారి కెమెరా కనెక్ట్ యాప్‌తో తీగ లేకుండానే దృశ్యం చూడవచ్చు, తెర మీద తాకి ఫోకస్ చేయవచ్చు, ఫొటో తీయవచ్చు. నాలుగైదు ఫొటోలకైతే నేనూ అదే వాడతాను. వందల ఆకుల పనికి మాత్రం సిఫారసు చేయను. కెమెరా తానే ఒక వైఫై వలయాన్ని సృష్టిస్తుంది, అందులో ఇంటర్నెట్ ఉండదు, అది చూసి ట్యాబ్లెట్ ‘ఇక్కడ ఇంటర్నెట్ లేదు’ అంటూ మరో వలయానికి తనంతట తాను మారిపోతుంది. మొదటిసారి ‘అయినా ఇందులోనే ఉండు’ అన్న ఎంపికను నొక్కితే చాలావరకు నిలుస్తుంది గానీ, కెమెరా బ్యాటరీ మాత్రం తీగతో పోలిస్తే త్వరగా ఖాళీ అవుతుంది.

జవాబు: మండపం_వీడియో

నీలికటకం గారు చెప్పినది ఫొటోల వరకు అక్షరాలా సరైనది. వీడియో విషయం వచ్చింది కాబట్టి హెచ్‌డీఎంఐ పక్షాన నాలుగు మాటలు చెబుతాను, ఎందుకంటే పెళ్ళిళ్ళలో క్రేన్ చివర ఉన్న కెమెరాకు కింద నుంచి చూసే తెరగా మేము ట్యాబ్లెట్లను వాడుతూనే ఉన్నాము.

కదులుతున్న మనిషిని చిత్రించేటప్పుడు యూఎస్‌బీ లైవ్ వ్యూ తడబడుతుంది. ఫ్రేములు తక్కువగా, ఆగి ఆగి వస్తాయి. హెచ్‌డీఎంఐ ద్వారా వచ్చే బొమ్మ సాఫీగా ఉంటుంది. చవకగా దొరికే క్యాప్చర్ కార్డుల్లో చాలావాటిలో ఉండేది ఎంఎస్2109 అనే చిప్పు. పెట్టె మీద 4కే అని పెద్ద అక్షరాలతో ఉన్నా అది లోపలికి తీసుకోగల సంకేతం గురించిన మాట. బయటికి ఇచ్చేది సెకనుకు 30 ఫ్రేముల 1080పి మాత్రమే, అదీ కుదించిన ఎంజేపెగ్ రూపంలో, యూఎస్‌బీ 2.0 వేగంతో. తెరగా చూసుకోవడానికి అది చాలును. అయితే కెమెరా ముందు చేయి ఊపితే తెర మీద ఆ ఊపు కొద్దిగా ఆలస్యంగా కనిపిస్తుంది. కూర్చుని పద్యం చదివే పెద్దాయనకు ఆ ఆలస్యం అడ్డు కాదు. నడిచే మనిషి మీద చేత్తో ఫోకస్ తిప్పేవారికి మాత్రం అది తప్పుదారి చూపిస్తుంది, అటువంటి పనికి అసలు సిసలు ఫీల్డ్ మానిటరే (కెమెరాకు తగిలించే ప్రత్యేక తెర) కావాలి. ఎండలో కూడా అంతే. 1000 నిట్ల వెలుగున్న మానిటర్ ముందు మామూలు ట్యాబ్లెట్ తెర నల్లటి పలకలా కనిపిస్తుంది.

కార్డు తగిలించిన తరువాత ఆండ్రాయిడ్ యాప్ నల్లగానే ఉంటే, మొదట ఆ యాప్‌కు కెమెరా అనుమతి ఇచ్చారో లేదో చూడండి. ట్యాబ్లెట్ సొంత కెమెరాతో పని లేదు కదా అని చాలామంది ఆ అనుమతిని నిరాకరిస్తారు, కానీ ఇటీవలి ఆండ్రాయిడ్‌లలో బయటి వీడియో పరికరాన్ని తెరవడానికి కూడా అదే అనుమతి కావాలి. ఐప్యాడ్ ఉన్నవారి కోసం చెబుతున్నాను: 2023లో వచ్చిన ఐప్యాడ్ఓఎస్ 17 నుంచి యూఎస్‌బీ-సి ఉన్న ఐప్యాడ్లు ఈ కార్డులను గుర్తిస్తున్నాయి, లైట్‌నింగ్ పోర్టు ఉన్న పాతవి గుర్తించవు. దానికోసం ఒరాయన్ అనే ఉచిత యాప్ ఉంది. సోనీ జడ్‌వీ-ఈ10 వంటి కెమెరాలైతే కార్డు అవసరమే లేకుండా యూఎస్‌బీ మీద తామే వెబ్‌క్యామ్ లాగా 720పి బొమ్మను పంపగలవు. చూడడం, నడపడం రెండు వేర్వేరు పనులన్న మాటకు బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 4కే మంచి ఉదాహరణ. దానిని బ్లూటూత్ మీద ట్యాబ్లెట్ నుంచి నడపవచ్చు, కానీ ఆ బ్లూటూత్ మీద బొమ్మ రాదు. బొమ్మ కావాలంటే హెచ్‌డీఎంఐ తీగ వేరుగా వేసుకోవాలి.

మీ కెమెరాలో ఉన్నది మినీ హెచ్‌డీఎంఐ. తీగ బరువు ఆ చిన్న పోర్టు మీద వేలాడకుండా తీగను ట్రైపాడ్ చేయికి కట్టి, పోర్టు దగ్గర కాస్త వదులుగా ఉంచండి. వీడియోను పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములకు, షట్టర్‌ను 1/50కి పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/60 పెడితే కొన్ని ఎల్ఈడీ దీపాల కింద బొమ్మ మీద పట్టీలు పాకుతాయి. ఇంకొకటి, ఆ కెమెరా ఒక్కొక్క వీడియోను 29 నిమిషాల 59 సెకన్లకు ఆపేస్తుంది. పెద్దాయనకు ముందే చెప్పి ఆశ్వాసాల మధ్యలోనో, ఘట్టాల మధ్యలోనో విరామం ఏర్పాటు చేసుకోండి. పద్యం నడుమ ఆగిపోతే ఆయనకు మళ్ళీ ఆ ఊపు రావడం కష్టం.

జవాబు: తాటికమ్మ

ఇద్దరికీ కృతజ్ఞతలు. నీలికటకం గారి లెక్క చూశాక క్యాప్చర్ కార్డు ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టి డేటా తీగ తెచ్చుకున్నాను. లైవ్ వ్యూ వచ్చింది, షట్టర్ పడుతోంది, 10 రెట్లు పెద్దది చేసి చూస్తే గంటపు గీత అంచు కూడా తెలుస్తోంది. మరి కొన్ని చిక్కులు మిగిలాయి. తీగ తగిలించగానే ట్యాబ్లెట్‌లోని ఫైళ్ళ యాప్ కెమెరాను తానే తెరిచేస్తోంది, అప్పుడు నా యాప్‌కు కెమెరా దొరకడం లేదు. కొంతసేపు ఆకు మార్చుకుంటూ ఉంటే సంబంధం తెగిపోతోంది. రెండు గంటలు గడిచేసరికి కెమెరా బ్యాటరీ, ట్యాబ్లెట్ బ్యాటరీ రెండూ అడుగంటుతున్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, కొన్ని ఆకులకు మసి పూయలేదు. గీతలు ఉన్నాయి గానీ నలుపు లేదు. తెర మీద అవి దాదాపు ఖాళీ ఆకుల్లా కనిపిస్తున్నాయి.

జవాబు: దీపస్తంభం

మొదటి మూడు చిక్కులకూ జవాబులు అమరికల్లోనే ఉన్నాయి. ఫైళ్ళ యాప్ కెమెరాను పట్టుకుంటే దానిని బలవంతంగా మూసి, తీగను మళ్ళీ తగిలించండి. అప్పుడు ఏ యాప్‌తో తెరవాలని ట్యాబ్లెట్ అడిగినచోట మీ యాప్‌ను ఎంచుకుని, ఎల్లప్పుడూ అన్న గడిలో టిక్కు పెట్టండి. కెమెరాలో వైఫైని ఆపి ఉంచండి. సంబంధం తెగడానికి చాలాసార్లు కారణం కెమెరా తనంతట తాను నిద్రపోవడమే కాబట్టి, మెనూలో ఆటో పవర్ ఆఫ్ గడువును పెంచండి లేదా పూర్తిగా తీసివేయండి. ట్యాబ్లెట్‌లో కూడా తెర ఆరిపోయే గడువును పొడిగించి, బ్యాటరీ పొదుపు జాబితా నుంచి మీ యాప్‌ను మినహాయించండి.

విద్యుత్తు సంగతికి వస్తే, లైవ్ వ్యూ ఎంతసేపు నడిస్తే సెన్సార్ అంతసేపు పని చేస్తూనే ఉంటుంది కాబట్టి ఎల్‌పీ-ఈ17 వంటి చిన్న బ్యాటరీ త్వరగా తరగడంలో వింత లేదు. ఆకు మార్చేటప్పుడు లైవ్ వ్యూ ఆపితే కొంత మిగులుతుంది. ఎక్కువ రోజుల పని అయితే డమ్మీ బ్యాటరీ తీసుకోండి. మీ కెమెరాకు సరిపోయే దాని పేరు డీఆర్-ఈ18. అది అడాప్టర్ ద్వారా గోడ కరెంటుతో నడుస్తుంది, కాబట్టి కరెంటు పోయే ఊళ్ళో ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ లైనుకు కలపండి, లేకపోతే అదనపు బ్యాటరీలే మేలు. ట్యాబ్లెట్‌కు ఒకటే పోర్టు ఉండడం వల్ల కెమెరా తగిలించినప్పుడు ఛార్జింగ్‌కు చోటు ఉండదు. పీడీ ఛార్జింగ్‌ను (యూఎస్‌బీ-సి మీద వచ్చే వేగవంతమైన ఛార్జింగ్) లోపలికి పంపగల సి రకం హబ్ ఒకటి మధ్యలో పెడితే ఒకవైపు కెమెరా, మరొకవైపు పవర్ బ్యాంకు తగిలించుకోవచ్చు. అయితే కొన్ని ట్యాబ్లెట్లు ఆ రెండు పనులనూ ఒకేసారి చేయవు. దుకాణంలోనే మీ ట్యాబ్లెట్‌తో పరీక్షించి కొనండి.

మసి లేని ఆకుల గురించి నాకు చాలా ఇష్టమైన పద్ధతి ఒకటి ఉంది. మామూలుగా రెండు దీపాలను ఆకుకు రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో పెడతారు. మసి ఉన్న ఆకుకు అది సరైనదే, ఎందుకంటే అక్కడ నలుపూ పసుపూ తేడాయే అక్షరాన్ని చూపిస్తుంది. మసి లేని ఆకులో రంగు తేడా లేదు, గీత లోతు మాత్రమే ఉంది. కాబట్టి ఒక దీపాన్ని పూర్తిగా ఆర్పివేసి, రెండవదానిని ఆకు తలానికి దాదాపు సమాంతరంగా, బల్ల ఎత్తుకు కొద్దిగా పైన పెట్టి పక్కనుంచి వెలుగు పడనివ్వండి. ప్రతి గీతలోనూ ఒక అంచు మెరిసి మరొక అంచు నీడలో పడుతుంది. ట్యాబ్లెట్ తెర లాభం ఇక్కడే పూర్తిగా తెలుస్తుంది. ఫొటో తీసి, దిగి, చూసి, మళ్ళీ దీపం జరిపే బదులు, లైవ్ వ్యూను 5 రెట్లు పెద్దదిగా ఉంచుకుని ఒక చేత్తో దీపాన్ని మెల్లగా చుట్టూ తిప్పుతూ పోతే, ఏ కోణంలో అక్షరాలు పైకి లేస్తాయో కళ్ళ ముందే కనిపిస్తుంది. తెలుగు లిపిలో వంపులు ఎక్కువ కనుక, వెలుగు వచ్చే దిశకు సమాంతరంగా ఉన్న గీతభాగం నీడ లేక మాయమవుతుంది. అందువల్ల అటువంటి ఆకును ఎడమ వెలుగుతో ఒకటి, పై వెలుగుతో ఒకటి, రెండు ఫొటోలు తీయడం మంచిది. ఆకు కదలకూడదు, కెమెరా కదలకూడదు. షట్టర్ ట్యాబ్లెట్ నుంచే పడుతుంది కనుక అది సాధ్యమే.

ఆకు వంపు తిరిగి ఉంటే దానిని గాజు పలకతో నొక్కి చదును చేయాలన్న కోరికను దయచేసి అణచుకోండి, ఎండిన కమ్మ పుటుక్కున విరుగుతుంది. అపర్చర్‌ను ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య పెడితే ఆ మాత్రం వంపు పదునులోనే ఉంటుంది. అప్పటికీ చాలకపోతే ఫోకస్‌ను అంచెలంచెలుగా మార్చి వరుస ఫొటోలు తీసే సదుపాయం హెలికాన్ రిమోట్‌లో ఉంది. దానికోసం లెన్సు మీద ఉన్న మీట ఏఎఫ్ వైపే ఉండాలి, ఎంఎఫ్ వైపు ఉంటే ట్యాబ్లెట్ చెప్పినా మోటారు కదలదు.

జవాబు: తాటికమ్మ

దీపస్తంభం గారూ, పక్క వెలుగుతో ఒక ఆకు మీద శతక పద్యం ఒకటి మకుటంతో సహా బయటపడింది. ఇన్నాళ్ళూ ఆ ఆకులు ఖాళీవనే అనుకున్నాము. చివరిగా రెండు చిన్న సందేహాలు. ఫొటోలు ట్యాబ్లెట్‌లోకి వెళ్ళాలా, కెమెరా కార్డులోనే ఉండాలా? నేను బల్లకు అవతలి వైపు కూర్చోవడం వల్ల తెర మీద ఆకు తలకిందులుగా కనిపిస్తోంది, దానికి ఏమైనా చేయవచ్చునా?

జవాబు: నీలికటకం

కార్డులోనే ఉండాలి, ట్యాబ్లెట్‌లోకి వెళితే అది అదనం. రా (సెన్సార్ నుంచి వచ్చిన ముడి ఫైలు), జేపెగ్ రెండూ తీసేలా పెట్టి, ట్యాబ్లెట్‌లోకి జేపెగ్ మాత్రమే దింపుకునేలా యాప్ అమరికను మార్చండి. పెద్ద రా ఫైళ్ళు కెమెరాలోని యూఎస్‌బీ 2.0 మీద దిగుతూ ఉంటే ప్రతి ఆకు మధ్యా అనవసరంగా నిరీక్షించవలసి వస్తుంది. దిగిన జేపెగ్‌ను పూర్తి పరిమాణంలో తెరిచి ఆకు రెండు కొసలూ, నడుమ దారపు రంధ్రం దగ్గరి అక్షరాలూ చూసి అప్పుడు మాత్రమే తరువాతి ఆకు పెట్టండి. నడుమ మాత్రమే చూసి ముందుకు పోతే కెమెరా కొద్దిగా ఒరిగినప్పుడు ఒక కొస మసకబారిన సంగతి కట్ట తిరిగి కట్టాక గాని తెలియదు. ప్రతి కట్ట మొదట ఆ కట్ట సంఖ్య రాసిన చీటీని, పక్కనే ఒక స్కేలును ఫొటో తీయండి, తరువాత ఫైళ్ళను విడదీయడం సులభమవుతుంది.

తలకిందుల విషయానికి యాప్‌లో బొమ్మను తిప్పే అంశం ఉందేమో చూడండి. లేకపోతే ట్రైపాడ్ తలను వదులు చేసి కెమెరానే 180 డిగ్రీలు తిప్పి బిగించండి. లెన్సు కిందికి చూస్తున్నప్పుడు కెమెరా ఎటు తిరిగి ఉన్నా ఫొటో నాణ్యతలో తేడా ఉండదు. అయితే కిందికి చూస్తున్నప్పుడు ఏ వైపు పైభాగమో కెమెరాలోని దిశా సూచిక నిర్ణయించుకోలేక కొన్ని ఫొటోలను నిలువుగా, కొన్నింటిని అడ్డంగా గుర్తు పెడుతుంది. మెనూలో ఆటో రొటేట్‌ను ఆపివేయండి, లేకపోతే వందల ఫైళ్ళను మళ్ళీ మీరే తిప్పుకోవలసి వస్తుంది.